మోకాలు వంగని మనిషితో గురుగ్రామ్‌లో కారు బేరం

మా అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయ్యిందండి. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళకపోతే కాలు బిగుసుకుపోద్దన్నాడు డాక్టరు. నాదేమో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, నేలకి ఆనుకుని పాకుతా ఉంటది. అందులో ఆవిణ్ణి ఎలాగో కుదేశాం గానీ దింపడానికి నేనూ, మా ఆవిడ పద్మా చెరో పక్కా లాగాల్సొచ్చింది. క్యాబులోళ్ళు "ఆంటీ, జల్దీ" అని హారన్ మీద చెయ్యి తియ్యరు. ఆ హడావిడిలో ఓసారి కాలు మడతపడి, "ఇంక నన్ను కదపకండి" అని ఆవిడ మంచం ఎక్కేశారు. రెండు వారాలు ఫిజియో లేదు. ఇంటిల్లిపాదీ పట్టేదీ, తొక్కితే ఉరికేదీ ఏదైనా తీసుకుందామని నా కారుకి నీళ్ళొదులుకోడానికి సిద్ధపడ్డాను.

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఫరీదాబాద్ నించి బయల్దేరాం. అత్తగారికీ పద్మకీ అని తెలిసినోళ్ళ టాక్సీ ఒకటి రోజంతటికీ మాట్లాడాను, రెండువేల ఐదొందలు. వెనకాల నా కారులో నేనూ, మా అమ్మాయీ. కొండ రోడ్డు మీద టోల్ కట్టి గంటన్నరలో గురుగ్రామ్ చేరాం. సాయంత్రం అయితే ఇంకో గంట కలుపుకోండి.

షోరూములో కుర్రాడు నన్ను చూసి "జీరో టు హండ్రెడ్" అని స్పీడు లెక్కలు మొదలెట్టాడు. గోడ మీద పెద్ద ఫ్యామిలీ ఫోటో, అందులో ముప్పై దాటినోళ్ళు ఒక్కరూ లేరు! వాడు చూపించిన కారు వెనక డోరులో అత్తగారు తల పెట్టగానే పైన ఠంగుమని తగిలింది.

"ఆంటీ, థోడా ఝుకియే" అన్నాడు వాడు.

"వంగేదాన్నైతే నీ కొట్టుకెందుకొస్తానురా అబ్బాయ్!" అన్నారావిడ తెలుగులో.

వాడు నా వైపు తిరిగి నవ్వాడు. "చూశారా సర్, ఆంటీకి బాగా నచ్చింది."

పోనీ రోడ్డు మీద చూద్దామంటే, టెస్ట్ డ్రైవ్‌లో ఇంటోళ్ళని ఎక్కించరంట, రూలంట. "ఆంటీకి ఇక్కడ చాయ్ ఇస్తాం సర్." ఒళ్ళు మండిపోయిందండి. కూచోబోయేది ఆవిడైతే నేను తిరిగొచ్చి ఏం చెప్పాలి?

మా అమ్మాయి చున్నీ లాక్కున్నాను. "డాడీ, ప్లీజ్, ఇక్కడొద్దు" అని అది మొత్తుకుంటానే ఉంది. "చిన్న ఆట భయ్యా" అని ఆ కుర్రాడి మోకాలు కర్రలా చాపి కట్టేశాను. "ఇప్పుడెక్కు."

వాడు నవ్వుతానే ఎక్కబోయాడు. తల తగిలింది, కాలు ముందు సీటుకి అడ్డం పడింది, సగం లోపలా సగం బయటా ఇరుక్కుపోయాడు. అత్తగారు వాడి వీపు మీద తట్టి, "థోడా ఝుకియే, బేటా" అన్నారు. జనం పోగయ్యారు.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "ఏంటండీ ఈ గొడవ?"

"గొడవ కాదు, మీ ఫ్యామిలీ కారు చూపిస్తన్నాను," అన్నాను.

రూలు అప్పుడు గాలికెగిరిపోయింది. అదే ఇంజను ఉన్న ఇంకో మోడలు తెప్పించాడు, ఎత్తుగా, డోరు బాగా తెరుచుకునేది. ముందు నడుము ఆనించి, తర్వాత కాళ్ళు లోపలికి తిప్పుకున్నారు అత్తగారు. నలుగురం ఎక్కాం, గుంతల రోడ్డంతా తిప్పాను. ఖాళీ దొరికినచోట గట్టిగా తొక్కితే పద్మ అరిచింది గానీ ఆవిడ కిటికీలోంచి చూస్తానే ఉన్నారు. తిరిగొచ్చాక నేను డోరు తీసేలోపే, డోరు పైనున్న పిడి పట్టుకుని తనే దిగారు.

"ఫిజియో ఎన్నింటికండి సోమవారం?" అన్నారు.

నా కారు వాళ్ళకే మార్పిడికి ఇచ్చేస్తానని, అక్కడే బుకింగ్ కట్టేశాను. నా కారు పోతే ఏడుస్తాననుకున్నాను, కోపంలో అది గుర్తే రాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే మంటేనండి. వెనక సీటు పెట్టి డబ్బులు పిండుకుంటారు, ఆ సీట్లో కూచునే మనిషికి మాత్రం చాయ్ ఇచ్చి పక్కన కూలేస్తారు. ఆపరేషన్ చేయించుకుని బతకాలనుకునే మనిషికి ఒక డోరు సరిగ్గా తెరుచుకోవాలి, అంతే కదా అడిగింది.

మీరు వెళ్ళేముందు షోరూముకి ఫోన్ చేసి, టెస్ట్ డ్రైవ్‌లో వెనకాల మావాళ్ళు కూచోవచ్చా అని అడగండి. నీళ్ళు నమిలితే ఆ షోరూముకి పోకండి.