గోల పత్రిక మీద లైబ్రరీ ముద్ర

ఆ లైబ్రరీలో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ స్టాంపు మేడమ్. కాగితం కంటబడితే చాలు, చెయ్యి దానంతటదే ముద్ర అందుకుంటుంది. ఒకసారి అటెండరు ఇచ్చిన పెళ్ళి శుభలేఖ మీద కూడా ఠప్పుమని లైబ్రరీ ముద్ర వేసి, నంబరు రాయబోయింది. ఆ కథ చెప్పి అటెండరు ఇప్పటికీ అందర్నీ పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తాడు. నవ్వితే నవ్వారు గానీ, ఆవిడ చేతికొచ్చిన పుస్తకం పోయిన దాఖలా లేదు.

అలాంటి మనిషికి పెద్దాఫీసరు ఎగ్జిబిషన్ పని అప్పగించాడు. ఒకప్పుడు జుట్టు పెంచుకుని, ఉద్యోగాలకో దండం పెట్టి, మేడల మీద గిటార్లు వాయించుకుంటూ పెద్దవాళ్ళకి ఎదురు తిరిగిన కుర్రకారు గురించి. "నీట్‌గా, ఎవరికీ నొప్పి తగలకుండా పెట్టండి" అన్నాడు. ఆ కుర్రకారులో ఆవిడ సొంత అక్క ఉందని ఆయనకి తెలియదు.

అక్కంటే ఆవిడకి ప్రాణం. చెవుల దాకా జుట్టు కత్తిరించుకుని ఇల్లు వదిలేసి, సైకిల్ షాపు పైన అద్దె గదుల్లో ఆ గుంపుతో కలిసి ఉండేది అక్క. అక్కడే సైక్లోస్టైల్ మెషీన్ మీద 'గోల' అని ఒక పత్రిక తీసింది. ఊరికే అద్దెలు పెంచేవాళ్ళనీ, ఆడపిల్ల నవ్వితే ఉరిమి చూసేవాళ్ళనీ అందులో కడిగి పారేసేది. ఊరు వాళ్ళని గాలి మేళం అంది. కన్నతండ్రి ఇంకో అడుగు ముందుకేశాడు. పిల్లలెంతమంది అని ఎవరైనా అడిగితే "ఒక్కతే కూతురు" అనేవాడు. ఆ ఒక్కతే పక్కనే నిలబడి వినేది. నోరు పెగిలేది కాదు.

అందుకే ఇప్పుడు ఊరందరి ముందూ అక్క చేసిన పని తలెత్తుకుని నిలబడాలి. దాన్ని అక్క వచ్చి చూడాలి. చిక్కంతా అక్కడే ఉంది. అప్పట్లో 'గోల' కాపీలు ఈ లైబ్రరీ బల్లల మీద పెట్టారని, అప్పటి ఆఫీసరు వాళ్ళని బయటికి గెంటించాడు. ఆ గుమ్మం మళ్ళీ తొక్కనని అక్క ఒట్టు పెట్టుకుంది. తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క కాపీ చెల్లెలి చేతిలో పెట్టి, "ఇది తీసుకెళ్ళు. నన్ను మాత్రం రమ్మనకు" అంది.

ఆవిడ గాజు పెట్టెలు తెప్పించి, స్కేలు పెట్టి గీసినట్టు అన్నీ సర్దింది. ఆ సంగతి అక్కకి ఫోన్లో గొప్పగా చెప్పుకుంది.

"తాళాలు వేశావా?"

"వేశాను మరి."

"అప్పుడు బయటికి గెంటారు. ఇప్పుడు లోపల పెట్టి తాళం వేశారు. ఏం మారిందే?"

ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. మర్నాడు గాజు పెట్టెలన్నీ వెనక్కి పంపేసింది. నేల మీద చాపలు పరిచింది. గోడ నుంచి గోడకి తాడు కట్టి ఫొటోలూ పోస్టర్లూ బట్టల క్లిప్పులతో వేలాడదీసింది. సైకిల్ షాపు పైన వాళ్ళు అచ్చేసిన కాగితాల్ని అలాగే ఆరేసుకునేవాళ్ళు. పాత సైక్లోస్టైల్ మెషీన్ ఒకటి బాగుచేయించి హాలు మధ్యలో పెట్టింది. వచ్చినవాళ్ళు పిడి తిప్పి, తమ 'గోల' తామే అచ్చేసుకుని పట్టుకుపోవచ్చు.

పెద్దాఫీసరు గుడ్లు తేలేశాడు. "ఇది లైబ్రరీయా, బట్టలారేసే మేడా?"

"ఇన్నేళ్ళలో నేను రూలు తప్పగా ఎప్పుడైనా చూశారా సార్?"

"లేదు."

"ఇప్పుడు చూడండి."

ఆవిడ పనిలో పడిపోయింది.

ఇక మిగిలింది అక్క కాపీ. తాడు మధ్యలో తగిలించే ముందు దాన్ని ఒక్క క్షణం బల్ల మీద పెట్టింది. అంతే, ఠప్పుమంది. అట్ట మీద 'ఇది ఎవరి సొత్తూ కాదు, చదివి పక్కవాళ్ళకి ఇవ్వండి' అని ఉన్న వాక్యం మీదే, గుండ్రంగా, లైబ్రరీ ముద్ర. పైన చీటీ అంటిస్తే కనబడదని అటెండరు అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఉన్నది ఉన్నట్టే తగిలించి, అక్కకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. వినగానే అక్క ఫోన్ పెట్టేసింది.

ఎగ్జిబిషన్ తెరిచిన రోజు హాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. మెషీన్ దగ్గర అందరి చేతులూ సిరామయం. ఆవిడ ఒక కన్ను గుమ్మం మీదే వేసి ఉంచింది. అలా చూస్తుండగానే, నెరిసిన పొట్టి జుట్టుతో అక్క లోపలికొచ్చింది. ఎవర్నీ పలకరించకుండా తిన్నగా ఆ కాపీ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"స్టాంపు వేశానన్నావుగా. చూద్దామని వచ్చాను."

"చెయ్యి ఊరుకోలేదక్కా."

అక్క ముద్రని బొటనవేలితో మెల్లగా నిమిరింది. "ఈ మడతలు చూశావా? ఆ రోజు గెంటేస్తుంటే, మీ లైబ్రరీ చెత్తబుట్టలోంచి నేను ఏరుకుపోయిన కాపీయే ఇది." కాపీని తాడు మీద సరిచేసింది. "షెల్ఫులో పెట్టవే. నంబరు కూడా వెయ్యి."

ఆవిడ కళ్ళు తుడుచుకునే లోపే పెద్దాఫీసరు దగ్గరికొచ్చి, "ఈవిడెవరండీ?" అన్నాడు.

స్టాంపు మేడమ్ హాలంతా వినబడేలా చెప్పింది.

"మా అక్క సార్. మా నాన్నకి ఇద్దరు కూతుళ్ళం. ఈవిడ పెద్దమ్మాయి."