బాపు రక్తంలో బద్లీ

మా బాపు చంద్రపూర్ దగ్గరి సాస్తి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా, కంపెనీ మామూలుగా చేయించే పరీక్షలో ఆయన తెల్ల రక్తకణాలు విపరీతంగా పెరిగాయని తేలింది. ఆయనకు తెలిసిన బాధల్లా రెండు ముద్దలు తినగానే కడుపు నిండిపోవడం. పొట్ట పక్కనున్న ప్లీహం వాచి దాన్ని నొక్కుతోందని ఎవరికి తెలుసు? తప్పంతా అమ్మ వంటదని అంతకుముందు ఆరు నెలలు వాదించాడు.

నాగ్‌పూర్ నుంచి ఎముక మజ్జ రిపోర్టు వచ్చిన రోజు బాపు, అమ్మ, నేను చంద్రపూర్‌లో డాక్టర్ ఎదుట కూర్చున్నాం. ఆయన మాట్లాడేది మరాఠీ. బాపుకొచ్చిన మరాఠీ గనిలో కేకలేసేందుకు మాత్రం సరిపోతుంది. తెలుగులో చెప్పే పని నామీద పడింది. డాక్టర్ కాగితం మీద ఒక పొడుగు గీత, ఒక పొట్టి గీత గీశారు. ఇది తొమ్మిదో నంబరు క్రోమోజోము, ఇది ఇరవై రెండోది. రెండింటి చివరి ముక్కలూ తెగి, దీని చోట అది, దాని చోట ఇది అతుక్కున్నాయట.

"అదలాబదల్ ఝాలీ ఆహే," అన్నారు.

ముక్కలు తారుమారయ్యాయని నేను చెప్పేలోపే, 'బదల్' అన్న ముక్క పట్టుకుని బాపు లేచి నిలబడ్డాడు. "బద్లీయా? నేను యాడికీ పోను. యూనియనోళ్లతోని మాట్లాడుత!"

"కూసో బాపూ. బద్లీ నీకు గాదు, నీ క్రోమోజోముకు."

"దానికి ఆర్డరు ఎవలిచ్చిండ్రు?"

ఈ ప్రశ్న మరాఠీలో అడిగాను. డాక్టర్ నవ్వలేదు. ఎవరూ ఇవ్వలేదు, దానంతటదే జరిగింది, ఎందుకో చాలామందిలో తెలియదు అన్నారు. ఆ అతుకు దగ్గర కొత్త జన్యువొకటి తయారై, తెల్లకణాలు పుట్టించమని ఆగకుండా పురమాయిస్తోందట. జబ్బు పేరు బ్లడ్ క్యాన్సర్.

ఆ మాటను తెలుగు చేయాల్సిన అవసరం లేకపోయింది. బాపు మెల్లగా కూర్చున్నాడు.

అమ్మ అప్పుడు నోరు విప్పింది. "ఇది వీళ్లింటి దిక్కునుంచే వచ్చింది గదా? అడుగు బిడ్డా. వీళ్ల పెద్దనాయిన గూడ గిట్లనే సన్నవడి పోయిండు."

అడిగాను. వారసత్వం కాదు, పిల్లలకు రాదు, పుట్టాక ఎప్పుడో ఒక్క కణంలో మొదలైంది అన్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది. అత్తవారి మీద కేసు పోయిందన్న దిగులు కూడా ఆ ముఖంలో కనిపించకపోలేదు.

మందు రోజుకొక గోళీ, అన్నంతో. ఆ పురమాయింపును అదే అడ్డుకుంటుంది. మొదటి నెల బాపుకు పిక్కలు పట్టేసేవి, కళ్లు ఉబ్బేవి. "తాగకుండనే తాగినోని లెక్క అయిన," అని అద్దం ముందు మొత్తుకునేవాడు. మూడు నెలలకు కణాలు దారికొచ్చాయి. ఏడాది దాటాక, ఆ కలగలిసిన జన్యువు జాడ పరీక్షలో లేశమంత మిగిలిందన్నారు. గోళీ మాత్రం మానొద్దన్నారు.

ఈమధ్య ఆస్పత్రికి వెళ్లినప్పుడు, జివతి నుంచి వచ్చిన తెలుగు రైతొకాయన సూదితో మజ్జ తీసే పరీక్ష కోసం బెంచీ మీద వణుకుతూ కూర్చున్నాడు. ఎవరూ పిలవకుండానే బాపు వెళ్లి పక్కన చేరాడు.

"సూదిని సూడకు తమ్మీ. గోడ దిక్కు సూడు."

"నువ్వు సూసినవా అన్నా?"

"సూసిన. అందుకే చెప్తున్న."

ఆ రైతు భయపడాలో నవ్వాలో తెలియక నా వైపు చూశాడు.