మనాదికి కోడ్ లేదు

2022 ఎండాకాలం. ఆత్మకూర్‌లో ఒక డాక్టరమ్మ క్లినిక్‌ను ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డులకు సిద్ధం చేసే పని నాకు అప్పగించారు. రోగికి ఆరోగ్య ఐడీ ఉండాలి, వివరాలు పంచుకోవడానికి అతని సమ్మతి ఉండాలి, ప్రతి జబ్బుకూ ఒక కోడ్ ఉండాలి. ఈ మూడూ కుదిరితేనే ఆ రికార్డు మరో ఆసుపత్రిలో ఉపయోగపడుతుంది.

డాక్టరమ్మకు మోకాళ్ల నొప్పులు. త్వరలో వారంలో సగం రోజులు హైదరాబాద్ నుంచి కొత్త డాక్టరు వచ్చి కూర్చుంటారు. ఆయనకు ఇక్కడి మనుషులు తెలియరు. తెర మీద ఉన్నదే తెలుస్తుంది. అందుకే ఆమె ప్రతి మాటనూ పట్టిపట్టి చూసేది.

ట్రయల్ నడుపుతున్న రోజు మల్లమ్మ వచ్చింది. గొర్రెల కాపరి కొమరయ్య భార్య. బువ్వ సహించదు, నిద్ర పట్టదు, మనిషి సగమైంది. ఏమైందంటే ఒకటే మాట.

"మనాది పట్టింది డాక్టరమ్మా."

రోగి ఎందుకు వచ్చిందో రాసే గడిని 'చీఫ్ కంప్లైంట్' అంటాం. అందులో జాబితాలో, కోడ్‌తో ఉన్నదే ఎంచుకోవాలి. మనాది ఆ జాబితాలో లేదు. నేను 'ఆకలి మందగించడం' ఎంచుకున్నాను. డాక్టరమ్మ నా భుజం మీదుగా చూసి నవ్వింది.

"గా మాట చూసి కొత్త సారు ఆమె కడుపుల గొట్టం ఏస్తడు."

"ఆందోళన అని పెట్టనా మేడం?"

"ఆందోళన రాబోయేదానికి. మనాది రానోళ్ల కోసం. ఎవ్వల మీద అని అడగాలె."

బీపీ చూసి, రక్తపరీక్ష రాసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని అదే అడిగింది. మల్లమ్మ గొంతు తగ్గించి చెప్పింది. కొమరయ్య మందను తోలుకుని అమ్రాబాద్ అడవి దిక్కు పోయాడు. ఏటా అతనికి తోడు పోయే తమ్ముడు ఈసారి పోలేదు. ఫోన్ కలవడం లేదు. ఇంట్లో చెబితే, ఈ వయసులో మొగని మీద మనాదా అని నవ్వుతారట.

కోడ్ తీసేయడానికి వీల్లేదు. దాని పక్కనే రెండు గడులు చేర్చాను: 'రోగి మాటల్లో', 'ఎవరి మీద'. వాటిని పరీక్షించడానికి ఉత్తుత్తి రోగి కావాలి కాబట్టి నా పేరే కొట్టి, మొదటి గడిలో 'మనాది' అని పైకి అనుకుంటూ రాశాను. పక్కనే కూర్చున్న మల్లమ్మ తెర చూస్తూ అడిగింది.

"మరి నీకెవ్వల మీద బిడ్డా?"

మాది నల్లగొండలో మగ్గం ఇల్లు. మగ్గం ఆగిపోయాక బాపు భీవండి పవర్‌లూమ్‌లో పనికి పోయాడు, అక్కడే ఉండిపోయాడు. 'బాపు' అని టైపు చేశాను. గడి బాగానే పనిచేసింది.

తొలకరి పడ్డాక, సిస్టమ్ ఎలా నడుస్తోందో చూడటానికి మళ్లీ వెళ్లాను. కొత్త డాక్టరు కూర్చుని ఉన్నారు. మల్లమ్మ లోపలికి వచ్చింది. ఆయన తెర చదివి, స్టెతస్కోప్ అందుకోకముందే అడిగారు.

"మీ ఆయన వచ్చాడా అమ్మా?"

"వచ్చిండు సారూ. బయట బీడీ తాగుతాండు. జర మీరన్న చెప్పుండ్రి."

జబ్బు ఏమిటో కోడ్ చెబుతుంది. తర్వాత ఏం అడగాలో రోగి మాట చెబుతుంది. అప్పటినుంచి ఏ క్లినిక్‌కు వెళ్లినా ముందుగా ఆ రెండు గడులే పెడుతున్నాను.

డాక్టరు మల్లమ్మ రికార్డులో స్టేటస్‌ను 'నయమైంది'కి మార్చారు. నా ఉత్తుత్తి రికార్డును నియమం ప్రకారం ఎప్పుడో తొలగించాను. ఉండి ఉంటే, అందులో ఇప్పటికీ 'కొనసాగుతోంది' అనే ఉండేది.