నోవహు ఓడ అడుగు

డుంబ్రిగుడ సంఘపెద్ద ఎలీయేజరుకి తెలియని సంగతంటూ లేదు. కాఫీ తోటలు దాటి కొండ దిగింది లేదు గానీ సముద్రం గురించీ తెలుసు. భీమిలిలో చేపల వేటకెళ్ళే అల్లుడు రాబిన్ కొత్త ఫైబరు పడవ కొంటున్నాడని వినగానే, అడక్కుండానే తీర్పు చెప్పేశాడు.

"అడుగు సపాటుగుండాల. బైబిల్లో నోవహు ఓడ అలాగే ఉండీది!"

"గాలి తోలిందంటే సపాటు అడుగు ప్రతి కెరటానికీ దబ్బుమని పడతాది మావా. కోసుగా, మొనదేలుంటే నీటిని కోసుకుపోతాది. నోవహుకేటి, తేలితే సాలు. నాను వేటాడి ఇంటికి రావాల గదా!"

"వాక్యానికే ఎదురు సెప్తావేటి?"

రాబిన్ కోసు అడుగు పడవే కొని, దాన్ని నీళ్ళలోకి దించేముందు చేసే మొదటి ప్రార్థనకి మామనే భీమిలి పిలిచాడు. పడవెక్కి ప్రార్థించమన్నారు. ఎలీయేజరు కెరటాలకేసి చూసి, దేవుడు ఒడ్డున చెప్పినా వింటాడని, ఇసకలోనే నిలబడి ఒక కన్ను మూసుకున్నాడు. రెండోది కెరటాల మీదే ఉంచాడు.