బావ చేతిలో రిమోట్
ఏ వస్తువు కొనాలన్నా మా బావ అమ్మేవాడి ప్రాణం తోడేస్తాడు. దువ్వెన కోసమే పూటంతా తిరిగే మనిషి, ఇక వీడియో గేముల కన్సోల్ అంటే చెప్పాలా? మా మేనకోడలు పరీక్ష పాసై అదే కావాలంది. ఆ పెట్టెల సంగతి నాకు కాస్త తెలుసని బావ నన్నూ వెంట లాక్కెళ్లాడు.

బావకు మా వీధి చివర సెలూన్ ఉంది. కుర్రతనంలో ఊదిన బుడగకు సబ్బు నురగ రాసి, అది పగలకుండా కత్తితో గీసి పని నేర్చుకున్నాడట. ఎన్ని మెషీన్లు వచ్చినా గడ్డానికి కత్తే పట్టాలంటాడు. ప్రతి ఆదివారం ఆయన కుర్చీలో తల వెనక్కి వాల్చానంటే నాకు నిద్ర ముంచుకొస్తుంది. గొంతు మీద కత్తి పెట్టుకుని నిద్రపోయే దద్దమ్మవు నువ్వొక్కడివేరా అంటాడు బావ.

దుకాణంలో కౌంటర్ దగ్గరి అమ్మాయి టీవీకి తగిలించే పెద్దదీ, చేతిలో పట్టుకుని ఆడుకునే చిన్నదీ, రెండు విధాలా పనికొచ్చేదీ తెచ్చి ముందు పెట్టింది. బావ ఒక్కోదాన్నీ తిరగేసి, గాలి పోయే కంతల్లోకి కూడా తొంగి చూశాడు.

"పళ్లు పట్టి చూడ్డం ఒక్కటే తక్కువ బావా," అన్నాను.

"మీ అక్కని చేసుకునేటప్పుడు ఈపాటి జాగ్రత్త పడుంటే నీ బాధ తప్పేది," అన్నాడు.

ఆ అమ్మాయి నవ్వుతూ పెద్ద టీవీ మీద విల్లంబుల ఆట పెట్టింది. "రిమోట్ ఎటు తిప్పితే ఎర్ర చుక్క అటు వెళ్తుందండి. పండు మీద నిలిపి బటన్ నొక్కండి."

బావ చెయ్యి చాచి గురి పెట్టాడు. చుక్క పండు చుట్టూ చిందులేసింది. బాణం పోయి గోడకు తగిలింది.

"ఇది పాడైందమ్మా. ఇంకోటియ్యి."

ఇంకోటిచ్చింది. అదీ అంతే. నాకు ఒళ్లు మండింది. "చెడిపోయినవి చూపించి అమ్ముతున్నారా?" అని ఆ పిల్ల మీద లేచాను. ఆమె రిమోట్ తీసుకుంది. చుక్క పండు మీద మేకు కొట్టినట్టు నిలబడింది. నాకిచ్చింది. నాకూ నిలబడింది. మళ్లీ బావ చేతిలో పెట్టింది. మళ్లీ చిందులు.

అప్పుడు బావ చేతి వైపు చూశాను. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. బావ ఎడమ చేత్తో ఆ మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. అయినా చుక్క ఆగలేదు.

"ఇదే ప్యాక్ చెయ్యమ్మా," అన్నాడు. బేరమాడలేదు. దాంతో నాకు భయమేసింది.

ఇంటికి రాగానే అక్క టీ తెచ్చింది. నాకు గ్లాసు నిండా, బావకు సగం. దారంతా దిగమింగుకున్నదంతా అక్క మీదికి తన్నుకొచ్చింది.

"తిరిగి తిరిగి వచ్చిన మనిషికి సగం గ్లాసేనా?"

"నిండా పోస్తే ఒలికిపోతుందిరా," అనేసి అక్క నాలుక కరుచుకుంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు బావ.

అక్క తలెత్తలేదు. మేనకోడలే చెప్పింది. "ఏడాది నుంచి నాన్నా. షాపు మూసేస్తే నువ్వేమైపోతావోనని అమ్మ చెప్పొద్దంది."

ఏడాదిగా తమ్ముడు మెడ చాపి ఆ కుర్చీలో నిద్రపోతుంటే, నా సొంత అక్క ఒక్క మాట చెప్పలేదు.

"గీసేటప్పుడు వేళ్లు దవడకి ఆనించుకుంటాను," అన్నాడు బావ, తన చేతిని తిప్పి చూసుకుంటూ. "గాల్లో ఎత్తి పట్టే పని పడలేదు. ఒక్కడికీ గాటు పడలేదే."

బావ నా వైపు తిరిగాడు.

"ఆదివారం వస్తావుగా?"

వస్తాననే చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఈలోగా నా చెయ్యి నాకు తెలియకుండానే మెడ మీదికి పోయింది. బావ అది చూశాడు.