ఎడ్లకు పెట్టిన ఆకు

మా ముత్తాత చుట్టుపక్కల ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆయన కొడుకు, అంటే మా తాత, పోలీసు పటేల్. తాత తర్వాత ఆ పటేల్‌గిరీ మా బాపుకు వచ్చింది. ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసిన రోజు బాపు తలపాగా తీసి కొయ్యకు తగిలించాడు. మళ్ళీ ఎన్నడూ పెట్టుకోలేదు. ఆయనకు కొడుకులు లేరు. నేనొక్కదాన్నే.

గోదావరిఖనిలో ఇప్పుడు ఎవరు ఎవరి మనవరాలో అడిగేవాళ్ళు లేరు. ఏ గని, ఏ షిఫ్టు, ఎప్పుడు రిటైరైండు అని అడుగుతారు. మా ఊరు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో పోయింది. మా గడి, అంటే మా దొరల కోట ఇల్లు, ఉన్నచోట ఇప్పుడు ఎంత లోతు గొయ్యి ఉందో నేను వెళ్ళి చూడలేదు. కూలగొట్టే ముందు నేను తెచ్చుకున్నది సింహద్వారం తలుపులు మాత్రమే. టేకు తలుపులు, ఇత్తడి బుడిపెలు, మనిషి మోకాలి ఎత్తు గడప. రామగుండం వెళ్ళే దారిలో చిన్న ఇల్లు కట్టి, ఆ తలుపుల కోసం ముందు గోడను ఇంటి కప్పు కంటే ఎత్తుగా లేపించాను. తలుపులకు ఇల్లు కట్టుకున్న మనిషి అని వాడకట్టంతా నవ్వింది. నవ్వనీ.

తలుపుల వెంట వచ్చింది ఇంకొకటి ఉంది, కుక్క. మా తాత వేటకుక్కలను పెంచేవాడు. పొడుగు కాళ్ళు, సన్నటి నడుము, ఎండిన గడ్డి రంగు. ఆ సంతతిలో చివరిది మా ఆడకుక్క. అది ఎప్పుడూ గడప లోపలి వైపున, తలుపుకు వీపు ఆనించి పడుకునేది. ఎవరు పిలిచినా లేచేది కాదు, నేను లేస్తే లేచేది.

ముసలితనంలో దానికి ఫిట్స్ మొదలయ్యాయి. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో సైరన్ మోగుతుంది, ఆ తర్వాత బ్లాస్టింగు. గిన్నెలు కదులుతాయి. ఒకరోజు సైరన్‌కే కుక్క లేచి నిలబడింది, బ్లాస్టింగుకు పక్కకు పడిపోయింది. కాళ్ళు కొట్టుకున్నాయి, నోట్లోంచి నురుగు వచ్చింది, పడుకున్నచోటే తడిపేసుకుంది. తెలివి వచ్చాక నన్ను గుర్తుపట్టకుండా మూలకు నక్కింది. మా ఇంటి కుక్క నన్ను చూసి నక్కడం అదే మొదలు.

పశువుల దవాఖానలో డాక్టరమ్మది కాసిపేట. తండ్రి గనిలో బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే యంత్రం, హాలర్, నడిపినవాడు. నన్ను మేడం అని పిలిచేది. ఆ పిలుపు నాకు నచ్చదు, కానీ మిగతావాళ్ళు దొర్సాని అని పిలిచే తీరు ఇంకా నచ్చదు కాబట్టి ఊరుకున్నాను. మొదట గోళీలు ఇచ్చింది. అవి కొంతకాలం పనిచేశాయి. తర్వాత రక్తపరీక్ష చేసి, కాలేయం చెడుతోంది, గోళీలు ఇంక పెంచలేను అంది.

"ఇంకోటుంది మేడం. గంజాయి జాతి మొక్క నుంచి తీసిన నూనె. మత్తు ఉండదు. కొన్ని కుక్కలకు ఫిట్స్ తగ్గుతున్నయి."

"గంజాయా? మా కుక్కకా?"

"గంజాయి కాదు, అండ్ల మత్తు తీసేసింది."

"మా తాత పోలీసు పటేల్. పెరట్లో ఆ మొక్క మొలిపించినవాణ్ణి చావడి ముందు నిలబెట్టి, మొక్క వాడిచేతే కాల్పించేవాడు. నువ్వు నాకు దాన్ని సీసాలో పోసి ఇస్తానంటున్నావు."

"నేనియ్య మేడం, నా దగ్గర లేదు. చీటీ రాస్త, తెప్పించుకుంటే తెప్పించుకో, లేకుంటే లేదు," అంది, అంటూనే వెనకనున్న మేకను బల్ల మీదికి ఎక్కించమంది.

నేను కుక్కను తీసుకుని వచ్చేశాను. మా తాత కొట్టంలో ఎండిన గంజాయి ఆకు మూట వేలాడేదన్న సంగతి ఆమెకు చెప్పలేదు. ఎడ్లకు పొట్ట ఉబ్బినా, పారినా, ఆ ఆకు నూరి బెల్లంలో ఉండ చేసి మింగించేవారు. ఊరికి నిషేధం, కొట్టానికి మందు. అందులో తప్పేమీ లేదు. పటేల్ ఎడ్లు ఊరి ఎడ్లు కావు.

ఆ వారంలోనే కుక్కకు ఒక ఫిట్ తగ్గకముందే ఇంకొకటి వచ్చింది. నాలుక కొరుక్కుంది. అలా వరసగా వస్తే బతకడం కష్టమని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంది. మళ్ళీ ఆమె దగ్గరికి వెళ్ళాను. వెళ్ళడం నాకు ఇష్టంలేదని ఆమెకు అర్థమయ్యేలాగే కూర్చున్నాను. ఆమె కూడా గెలిచిన మొహం దాచుకోలేదు.

"ఎట్ల పనిచేస్తది చెప్పు, చెప్పకుండా నా కుక్కకు వెయ్యను," అన్నాను.

"మన ఒంట్ల, కుక్క ఒంట్ల, గొడ్డు ఒంట్ల గా మొక్కల ఉన్నసుంటి పదార్థం దానంతటదే తయారైతది. ఎండోకన్నబినాయిడ్ వ్యవస్థ అంటరు. మా బాపు హాలర్ నడిపేటోడు. కింద నుంచి ఒక్క గంట కొడితే ఆపాలె. ఒక నరం ఇంకో నరానికి అదే పనిగ వార్త పంపుతుంటే, అందుకునే నరం ఎనుకకు గంట కొడుతది, చాలు, ఆపు అని. ఫిట్స్ అంటే గంట ఎవరూ ఇననట్టు. ఈ నూనె గా గంటకు జర సాయం పడుతది. పూర్తిగ ఎట్ల పడుతదో ఇంకా ఎవరికీ తెల్వదు."

"మరి గంజాయి ఆకైతే?"

"అండ్లున్న మత్తు అన్ని గంటలూ ఒక్కసారే కొడుతది. కుక్క మెదడుల, ఒళ్ళు పడిపోకుండ నిలబెట్టే జాగల, గా గంటలు మనకంటే శాన ఎక్కువ. మనిషికి నవ్వొచ్చేంత ఆకు కుక్కను పండపెడుతది. గోళీలు మాత్రం ఆపకు."

ఇక మా పక్కింటి మనిషి గురించి చెప్పాలి. గనిలో చేసి రిటైరయ్యాడు. మూడంతస్తుల మేడ కట్టాడు. అతని తండ్రి మా గడిలో జీతగాడు. ఎడ్ల కొట్టం చూసుకునేది ఆ తండ్రే, ఆకు ఉండలు చేసేదీ అతనే. రాత్రి సింహద్వారం మూసి, తెల్లారి తెరిచేదీ అతనే. మా గడప ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన ఆ మనిషి కొడుకు ఇప్పుడు నన్ను నువ్వు అంటాడు, దొర్సాని అంటాడు, రెండూ ఒకే వాక్యంలో అంటాడు. నేను ఇల్లు కట్టిన నాటి నుంచి అతనికి ఒకటే కోరిక.

"దొర్సాని, నీ ఇంటికి గా తలుపులు పెద్దగైనయి. నాకియ్యి. మా నాయిన మూసుడు తెరుసుడుతోనే ముసలోడైండు. ఆయన పేరు మీద మా ఇంటికి పెట్టుకుంట."

"మూసినందుకు మీ నాయనకు జీతం ముట్టింది. తలుపులు ముట్టవు," అని ఎన్నిసార్లు చెప్పానో.

నూనె పార్సిల్ వచ్చిందని కొరియర్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. వచ్చి తీసుకోవాలట, ఇంటికి తేరట. సింహద్వారానికి లోపల గడియ వేసి, పెరటి గేటుకు తాళం పెట్టి, షేర్ ఆటోలో వెళ్ళాను. అక్కడ డబ్బా విప్పి బల్లమీద పెట్టి ఉంది. డబ్బామీద ఆకు బొమ్మ. పక్కన ఒక కానిస్టేబుల్.

"ఏందమ్మా గిది?"

"కుక్క మందు."

"కుక్క గంజాయి తాగుతదా?" అన్నాడు. ఆఫీసులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. "బీడీల నింపుతవా, చిలుముల పోస్తవా?"

"డాక్టర్ చీటీ ఇదిగో. చదవడం వస్తే చదువు. మా తాత ఈ ఇలాకాకు పోలీసు పటేల్."

"గప్పుడు గదమ్మా. ఇప్పుడు మేమున్నం," అని చీటీని వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పాడు. డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఆమె ఏం చెప్పిందో గాని, ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని విన్నాడు. నన్ను నిలబెట్టే ఉంచారు. కుర్చీ ఖాళీగానే ఉంది. మూత తీసి వాసన చూసి, "ఎండుగడ్డి వాసనొస్తంది" అని పక్కవాడికి కూడా చూపించి, చివరికి ఇచ్చారు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎవడో "దొర్సాని దమ్ము కొడుతదిరా" అన్నాడు. వెనక్కి తిరగలేదు.

నేను ఆఫీసులో ఉండగానే దూరంగా బ్లాస్టింగు వినిపించింది. ఇంటికి వచ్చేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పక్కింటివాళ్ళ పెరటి గోడ దూకి వస్తే లోపలి నుంచి గడియ తీయవచ్చు. అతను గడప మీద కూర్చుని ఉన్నాడు, మా గడప మీద. కుక్క వాకిట్లో నిలబడి ఉంది. నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి, ముందుకూ వెనక్కూ ఊగుతోంది. చొంగ కారుతోంది. నిలబడే మూత్రం చుక్కలు చుక్కలుగా పోస్తోంది. నా అడుగు చప్పుడుకే ఉలిక్కిపడి, మూతి నేలకు కొట్టుకుంది.

"ఏం పెట్టావు?"

"ఫిట్సొచ్చి కొట్టుకుంటుంటే ఇనబడ్డది. లేచినంక జరంత ఆకు పెట్టిన, బెల్లంల. బర్రెకు ఉబ్బరమొస్తే పెడుత, ఇంట్లనే ఉంటది. మీ కొట్టంల మా నాయిన పెట్టిన మందే గదా."

"అది ఎడ్ల మందు!"

"నోరు లేని జీవాలన్నీ ఒకటే గద, దొర్సాని. నువ్వు అదే తెప్పిస్తున్నవని ఊరంతా అంటుండ్రు. నూనెకైతే మంచిది, మా నాయిన ఆకు చెడ్డదా?"

"నా గడప దిగు."

"దిగుత. గానీ కుక్కను జూడు, నన్ను గాదు," అన్నాడు. లేచేటప్పుడు అరచేత్తో తలుపు బుడిపెను ఒకసారి తడిమాడు. అది నేను చూశాను. జాలిపడి పెట్టానని ఆ తర్వాత వాడకట్టంతా చెప్పుకున్నాడు. మా ఇంటి చివరి వేటకుక్క మా తలుపుల ముందే తూలుతుంటే కూర్చుని చూసినవాడి జాలి నాకు అక్కర్లేదు.

డాక్టరమ్మ సెలైన్ పెట్టింది, ఒళ్ళు చల్లబడిందని దుప్పటి కప్పింది, చీకటి గదిలో చప్పుడు లేకుండా ఉంచమంది. దీనికి విరుగుడు లేదు, దిగిందాకా చూసుడే అంది. గోళీలకు ఈ ఆకు తోడైతే ఊపిరి మందగించవచ్చు కాబట్టి కుక్కను దవాఖానలోనే ఉంచుకుంది. నేను బయట బల్లమీద కూర్చున్నాను. మరునాటి సాయంత్రానికి అది తల ఎత్తింది. నా చెయ్యి వాసన చూసింది.

"మీ వాడకట్టోళ్ళు ఎవరన్న మళ్ళ ఆకు పెడితే నా దగ్గరికి తీసుకురాకు," అంది డాక్టరమ్మ.

"వాడు నా వాడకట్టు మనిషి కాడు," అన్నాను.

"మరేడికెల్లి వచ్చిండు?" అంది.

తర్వాత నూనె మొదలుపెట్టాను, గోళీలతో పాటే. పొద్దున కొన్ని చుక్కలు, సాయంత్రం కొన్ని. ఫిట్స్ పోలేదు. కానీ వరసగా వచ్చేవి ఆగాయి. సైరన్ మోగితే కుక్క తల ఎత్తుతుంది, చెవులు నిక్కిస్తుంది. బ్లాస్టింగు అయిపోయాక తల మళ్ళీ గడపకు ఆనిస్తుంది. ఇంతే. ఇది నూనె గుణమో కాదో గట్టిగా చెప్పలేనని డాక్టరమ్మే అంది. అయితే ఒక సీసా అందడం ఆలస్యమైనప్పుడు కుక్క మళ్ళీ నాలుక కొరుక్కుంది. నాకు ఆ రుజువు చాలు. బతికినన్నాళ్ళూ కావాలి, సీసా ఖరీదేమో నా దగ్గరున్న డబ్బుకు మించింది.

ఆ సంగతి కూడా గోడ అవతలికి చేరింది. ఒకరోజు అతను గోడ మీదుగా అన్నాడు: "దొర్సాని, గా నూనె ఆగకుండ రావాలెనంట గద. తలుపులు నాకియ్యి. ఎవ్వడు ఎంతిచ్చినా నేను ఎక్కువనే ఇస్త. నీ కుక్క బతుకుతది, మా నాయిన పేరు నిలబడుతది."

"నీకు ఇవ్వను."

"ఎందుకియ్యవ్?"

"నువ్వు అడిగావు కాబట్టి."

అతను నవ్వలేదు. మొదటిసారి దొర్సాని అనకుండా లోపలికి పోయాడు.

హైదరాబాదు నుంచి పాత కలప కొనే వ్యాపారి వచ్చాడు. అతను చెప్పిన ధర పక్కింటివాడు ఇస్తానన్నదాని కంటే తక్కువ. కూలీలు గోడ పగలగొడుతుంటే కుక్క లేచి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఇప్పుడు అది రేకు తలుపు వెనక పడుకుంటోంది. సింహద్వారం రెండు తలుపులూ, గడప, ఇత్తడి బుడిపెలతో సహా, అమ్మేశాను.