తొమ్మిది గ్లాసులు

నా చిన్నప్పుడు, కొత్తవాడలో మా ఇంటికి ఒక్క కాగితం వచ్చిన వారంలోనే మూడు పోయాయి. మగ్గం మీద చిన్నమ్మ పక్కన ఉండే మనిషి పోయింది. చాయ్ దగ్గర ఆమె నవ్వు పోయింది. సగం నేసిన జంపఖానా ఆగిపోయింది. అంత వెడల్పుది నేయాలంటే ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. రోజూ కూర్చునే మా అమ్మే ఆ చోటు వదిలేసింది.

చిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య. తొలి కాన్పు. గర్భిణులకు చేసే రక్తపరీక్షలో ఆమెకు హెపటైటిస్ బి ఉందని తేలింది. మా వాళ్లకు అర్థమైంది కామెర్లు అన్న ఒక్క మాటే. నాయినమ్మ నూలుకు వేసే ఎర్రరంగు ఒక స్టీలు గ్లాసు అడుగున పూసి, చిన్నమ్మకు వేరు పెట్టింది. ఇంట్లో మేం తొమ్మిది మందిమి, గ్లాసులూ తొమ్మిదే. లెక్కల్లో చురుకని నన్ను కాపలా పెట్టింది. రోజూ కడిగాక ఎనిమిది ఇటు, ఒకటి అటు అని పైకే ఒప్పజెప్పేదాన్ని, చిన్నమ్మకు వినపడేటట్టు.

ఆ కాగితం పుట్టింటి ఊరి దవాఖానలో చూపించాలని, బిడ్డ పుట్టిన రోజే టీకా పడాలని, లేకపోతే తల్లి నుంచి బిడ్డకు రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. చిన్నమ్మ చూపించనన్నది.

"ఆడ గూడ నాకు గ్లాసు ఏరే పెడ్తరు మామా. అటెన్క నేను యాడికి పోవాలె?"

మర్నాడు మా తాత ఒక్కడే డాక్టరమ్మ దగ్గరికి పోయి వచ్చాడు. ఆ తరువాత కొన్నాళ్లకు, అందరి చేతుల్లో చాయ్ ఉండగా, నన్ను గ్లాసుల లెక్క చెప్పమన్నాడు. చెప్పాను.

"లెక్క మంచిగనే ఉన్నది బిడ్డా. కానీ నేను రోజు గా రంగు తుడిచి ఇంకో గ్లాసుకు పూస్తాన. తొమ్మిది దినాలాయె. గిప్పుడు ఆమె తాగని గ్లాసు ఒక్కటి జూపియ్యి."

నాయినమ్మ గ్లాసు కింద పెట్టి, ముసలోనికి మతి పోయిందని గొణిగింది. తాత మగ్గం గుంజకు గుచ్చి ఉన్న అర బ్లేడు పీకాడు. అందరూ నూలు కోసేది దాంతోనే, గోళ్లు తీసుకునేదీ దాంతోనే. వేలు తెగితే కొంగుకు తుడిచి మళ్లీ గుచ్చేవాళ్లు.

"చాయ్‌తోని రాదట, పక్కన గూసుంటె రాదట. నెత్తురుతోని వస్తదట. గ్లాసు ఏరే పెట్టి, గిదాన్ని మాత్రం అందరికి ఒక్కటే పెట్టుకుంటిమి."

చిన్నమ్మ తన గ్లాసు బోర్లించి, అడుగున రంగును కొంగుతో రుద్దుతూ కూర్చుంది.

మర్నాడు మా అమ్మ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఎవరి బ్లేడు వాళ్లదైంది. ఇంటిల్లిపాదీ రక్తపరీక్ష చేయించుకుని టీకాలు వేయించుకున్నాం. కాగితం పుట్టింటికి పోయింది. పాపకు పుట్టిన రోజే టీకా పడింది. తరువాతి పరీక్షలో ఆ జబ్బు లేదని తేలింది.

ఇప్పటికీ ఏ లెక్క చేసినా, సరిపోయిందని వెంటనే నమ్మను. నేను అడగాల్సింది ఏమిటో తెలుసు. కొత్తవాడ పోయినప్పుడల్లా చిన్నమ్మ ముందు నోరు తెరుస్తాను. చాయ్ చల్లారుతాంది తాగమంటుంది. ఆమెనూ తాతనూ తీసేస్తే ఆ ఇంట్లో క్షమించమని అడగాల్సినవాళ్లం ఏడుగురం. అడగకుండానే నాయినమ్మ పోయింది, మా అమ్మ పోయింది. లెక్క మాత్రం తగ్గలేదు. ఇంకా ఏడే.